వజ్రాలు ఎవరివి?

పట్టాలు అందుకున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

ఈరోజు ఒక ఆఫ్రికా దేశం గురించి చెబుతాను. బోట్స్వానా 1966 సెప్టెంబరు 30న బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. అప్పటికి అక్కడున్న తారు రోడ్డు 12 కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది. వరస కరవులు, కలహారి ఎడారి, పశువులే ఆస్తి. మరుసటి ఏడాదే ఓరాపాలో వజ్రాలు బయటపడ్డాయి.

ఆ నేల బమాంగ్వాటో తెగది. దేశాధ్యక్షుడు సెరెట్సె ఖామా పుట్టింది ఆ తెగ రాజవంశంలోనే. ఈ సంపద మావాళ్లదని ఆయన పట్టుబట్టగలిగేవారు. కానీ ఆయన ప్రభుత్వం 1967లోనే చట్టం తెచ్చింది. దాని ప్రకారం, తెగల భూముల్లో దొరికే ఖనిజాలపై హక్కు దేశానిది. ఓరాపా గని పనిచేయడం మొదలైంది 1971లో. డబ్బు చేతికి రాకముందే అది ఎవరిదో తేల్చుకున్నారు. ఆ దేశం ఎదగడానికి అసలు కారణం ఈ వరసేనని నా నమ్మకం. 1975లో గనులు నడిపే డీబీర్స్ కంపెనీతో మళ్లీ బేరమాడి గనుల్లో సగం వాటా రాబట్టారు. ఆ ఆదాయం రోడ్లయింది, బడులయింది, ఆసుపత్రులయింది.

అదే ఖండంలోని సియెర్రా లియోన్‌ కథ వేరు. అక్కడ వజ్రాలు 1930లోనే దొరికాయి. 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధానికి అవే ఇంధనమయ్యాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అక్కడి వజ్రాలు ఏటి ఒడ్డు ఇసుకలో ఉంటాయి, పార, జల్లెడ ఉంటే ఎవరైనా ఏరుకోవచ్చు. ఓరాపావి లోతైన రాతిలో ఉంటాయి, కంచె వేసి కాపాడటం తేలిక. అంటే అంతా పాలకుల గొప్పే కాదు, భూమి కూడా కొంత కలిసివచ్చింది.

ఇప్పుడు బోట్స్వానా కష్టాల్లో ఉంది. ప్రయోగశాల వజ్రాలు వచ్చి గిరాకీ పడిపోయింది. 2024లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. మీ వయసువాళ్లు ఎందరో ఉద్యోగాల్లేక ఉన్నారు. మంచి చట్టాలు దోపిడీని ఆపాయి కానీ, వజ్రాలకు బదులుగా నిలబడే మరో జీవనాధారాన్ని ఇవ్వలేకపోయాయి. అది నన్ను బాధించే విషయం. అయినా ఆ ఏడాది ఎన్నికల్లో 58 ఏళ్లు పాలించిన పార్టీ ఓడిపోతే, అధ్యక్షుడు మసీసీ తుది ఫలితాలు రాకముందే ఓటమి ఒప్పుకుని తప్పుకున్నారు.

మన గనుల జిల్లాల్లోనూ 2015 గనుల చట్ట సవరణ తర్వాత జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు (డీఎంఎఫ్‌టీ) నిధులు పోగవుతున్నాయి. అవి గనులవల్ల నష్టపోయిన ఊళ్లకోసం పెట్టినవి. మీలో కొందరు రేపు ఆ ఫైళ్ల మీద సంతకాలు పెడతారు. ఏ ఊరికి ఎంత వెళ్లిందో ఆ ఊరి పంచాయతీ గోడమీద తెలుగులో రాయించండి.