స్త్రీలలో జుట్టు రాలడం: ముందు కారణం, తర్వాతే వైద్యం

(మహిళల ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచుతాము.

మగవాడికి జుట్టు పలచబడితే వయసు వచ్చిందంటారు. ఆడపిల్ల జడ సన్నబడితే మాట పెళ్ళి సంబంధం దాకా పోతుంది. అందుకే మనవాళ్ళు ఈ సంగతి బయటపెట్టరు. దుపట్టా కింద ఉంటుంది కనుక ఇంట్లోవాళ్ళకూ తెలియదు. అయితే అలా దాచినప్పుడు జుట్టుతోపాటు దాని వెనకున్న జబ్బు కూడా దాగిపోతుంది. అసలు నష్టం అదే.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే. దువ్వెనలో నాలుగు కనబడగానే కంగారు అక్కర్లేదు. పాపిట వెడల్పవుతున్నా, జడ సన్నబడుతున్నా, తలలో ఖాళీలు ఏర్పడినా పట్టించుకోవాలి.

కాన్పు, టైఫాయిడ్, డెంగీ, పెద్ద ఆపరేషన్, తిండి మానేసి ఒళ్ళు తగ్గించుకోవడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి, నీళ్ళు పడలేదనో సబ్బు మారిందనో అనుకుంటాం. ఇది చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే ఆగి మళ్ళీ మొలుస్తుంది. ఓపిక, మంచి తిండి కావాలి. అత్తగార్లకు మా మనవి: బాలింతకు పథ్యమంటూ ఆకుకూర, పప్పు, మాంసం మానిపించకండి.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒంట్లో ఇనుము తగ్గితే ఆయాసం, నీరసంతోపాటు జుట్టూ రాలవచ్చు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను, కడుపులో తిప్పుతుందన్న భయంతో ఆడపిల్లలు గుప్పిట్లో దాచి పారేయడం మేము చూస్తూనే ఉన్నాం. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. తోటకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే చాయ్ తాగితే అది తగ్గిపోతుంది.

థైరాయిడ్ లోపం మరో కారణం. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, పాపిట పలచబడితే హార్మోన్ల తేడా ఉందేమో డాక్టరమ్మను అడగాలి. వంశపారంపర్యంగా నడినెత్తిన పలచబడేవారికి మినాక్సిడిల్ అనే పైపూత మందు ఉంది. మొదట్లో కొంత ఎక్కువ రాలినా, గుణం తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆపేస్తే వచ్చిన ఫలితం పోతుంది. గర్భిణులు వాడకూడదు. పాలిచ్చే తల్లులు వైద్యులనడగనిదే వాడవద్దు.

నాణెమంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు అంటాం. అది పేను కొరికితే వచ్చేది కాదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే వెంట్రుక కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది. అంటువ్యాధి కాదు, ఆ పిల్లను దూరం పెట్టనక్కర్లేదు.

తల కప్పుకోవడం వల్ల జుట్టు ఊడుతుందా అని కొందరు అడుగుతారు. కప్పుకోవడం వల్ల ఊడదు. లోపల జుట్టును రోజూ బిగలాగి ముడివేస్తే నుదుటి దగ్గర, చెవుల పైన కుదుళ్ళు దెబ్బతింటాయి. వదులుగా జడ వేసుకోండి, తడి ఆరాకే కట్టుకోండి.

నూనె మంచిదే, వెంట్రుకను మెత్తగా ఉంచుతుంది. రక్తంలో లేని ఇనుమును మాత్రం తెచ్చిపెట్టలేదు. కొత్త నూనె సీసాకు డబ్బు పెట్టేముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో వైద్యులను అడగండి. తలలో మంట, చీము ఉన్నా, ఊడినచోట చర్మం నున్నగా మెరుస్తున్నా ఆలస్యం చేయకుండా చర్మవైద్యులను కలవండి. కుదురు చచ్చిపోతే మళ్ళీ మొలవదు.

ఇంటికి వెళ్ళాక మీ కూతురిని, కోడలిని దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వండి. జడ సన్నబడిందని దెప్పవద్దు, నీరసంగా ఉంటోందా అమ్మా అని అడగండి. వాళ్ళు దాచుకున్న సంగతి అప్పుడు చెబుతారు.