రహీం సాబ్ బడి



ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి పేరిట ఆయన శిష్యులు ఏర్పరచిన ధర్మనిధి ఉపన్యాసం ఇది. నేను మాట్లాడబోయే మనిషి కూడా మొదట బడిపంతులే. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది మొదలుకొని 1954 దాకా అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరసగా ఐదుసార్లు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తానే అనుకునే రోజుల్లో అది మాటలా?

ఆయన నేర్పిన తీరు గురించి కాస్త వివరంగా చెబుతాను. అప్పట్లో మన దేశంలో బంతిని కాలికి అతికించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడే గొప్ప ఆటగాడు. రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేకుండా పోటీలు పెట్టారు. బంతి అందిందా, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి. వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీలూ పెట్టారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు బంతిని కుడివైపుకు సర్దుకునేలోపు ఎదుటివాడు మీదికి వచ్చేస్తాడు. రెండు కాళ్లూ ఒకేలా పలికితే ఆ క్షణం మిగులుతుంది. పెద్ద జట్లకూ మనకూ తేడా ఆ క్షణంలోనే ఉందని ఆయన పసిగట్టారు. ఎత్తుగడలకంటే నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది.

ఆటగాళ్లను ఏరడంలోనూ అదే పంతులుగారి చూపు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేకపోతే, అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చారు. బలరాం చివరిదాకా ఆ మాట చెప్పుకున్నారు.

ఆయన కోచ్‌గా భారత జట్టుకు దక్కిన మొదటి పెద్ద గెలుపు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశమైంది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ముందు గోల్ కొట్టింది మనమే, చివరికి 4-1తో ఓడాం. పది గోల్స్ తిన్న జట్టు అంత దూరం రావడాన్ని నేను ఓటమిగా లెక్కపెట్టను.

ఇక 1962, జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలిచి తలతో బంతిని ఆపాల్సిన మనిషి అతను. ఇంకో కోచ్ అయితే బెంచి మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కుర్రతనంలో జర్నైల్ ఆ స్థానంలో ఆడిన సంగతి ఆయన మనసులో ఉంది. శిష్యుడి పాత నోటు పుస్తకం గుర్తున్న పంతులు చేసే పని అది. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియా. స్టేడియమంతా మన మీద కోపంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి సోంధీ తప్పుపట్టడమే ఆ కోపానికి కారణం. ఆ హోరులో పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయనను తీసుకుపోయింది. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు. 2024లో ఆయన మీద తీసిన 'మైదాన్' సినిమా వచ్చాకే మన ఊళ్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది. ఇది నన్ను కలచివేస్తుంది.

ధర్మనిధి నిర్వాహకులకు ఒక మనవి. ఏటా ఈ ఉపన్యాసంతోపాటు జంటనగరాల బడిపిల్లలకు ఒక పోటీ పెట్టండి. వాటం లేని కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ కూడదు. ఖర్చు రెండు బంతులు, ఒక గ్రౌండు. మొదటి ఏడాది బంతులు నేను కొనిస్తాను.