చేలోని రాయి



మట్టి పరీక్షకు మన్ను పంపినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ప్రయోగశాలలో ఆ మన్నును ఆరబెట్టి, గడ్డలు నలిపి, 2 మిల్లీమీటర్ల కన్నులున్న జల్లెడలో జల్లిస్తారు. కిందికి దిగినది మట్టి, పైన మిగిలినది రాయి. మట్టికి నంబరు వేసి పరీక్షకు తీసుకుంటారు, రాయిని పారబోస్తారు. నత్రజని ఇంత, భాస్వరం ఇంత, పొటాషు ఇంత అని మీ చేతికి వచ్చే కాగితమంతా ఆ కిందికి దిగినదాని లెక్కే. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. కాని పైరు వేళ్లు జల్లెడ పట్టుకుని తిరగవు కదండీ! ఒక చేలో నూటికి 30 పాళ్లు గరుసు ఉన్నదనుకోండి. నీటిని, ఎరువును పట్టి ఉంచే మన్ను అక్కడ 70 పాళ్లే. అందువల్లనే, కాగితం మీద అచ్చం ఒక్కలాగే కనిపించే రెండు చేలల్లో ఒకటి వాన వెనక్కి పోయినా ఓర్చుకుంటుంది, రెండోది ముందే వాడు ముఖం పెడుతుంది. ఈసారి మన్ను ఇచ్చేటప్పుడు, గరుసు ఏపాటి ఉన్నదో కూడా ఒక ముక్క చెప్పండి. సలహా ఇచ్చేవారికి అది అవసరం.

ఈవేళ నా ప్రసంగం ఆ పారబోసిన రాయిని గురించే. ఒక శాస్త్రం విసిరివేసినదాన్ని ఇంకొక శాస్త్రం భద్రంగా దాచుకుంటుంది. రాయిలో ఎవరు ఏమి చూస్తున్నారో కాస్త తెలిస్తే, చేలో రాయిని ఎక్కడ ఉంచాలో, ఎక్కడికి మోయాలో, దేన్ని ముట్టుకోకూడదో మనకు తేలుతుంది.

ముందుగా భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి అడుగుదాం. ఆయన దృష్టిలో మీ మన్ను అంతా చివికిన రాయే. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఎర్ర చెలకల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. దాని వయస్సు 250 కోట్ల ఏళ్ల పైమాట. అందులో పలుగురాయి ఒక పట్టాన చివకదు కనుక ఇసకగా, గరుసుగా మిగిలిపోతుంది. తక్కినది మెల్లగా చివికి బంకమన్ను అవుతుంది, కొంత పొటాషును వదులుతుంది. ఆదిలాబాదు, వికారాబాదు వైపు నల్లరేగడి కింద ఉన్నది బసాల్టు రాయి. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి కరిగి పారిన ద్రవం గట్టిపడగా ఏర్పడినది. గ్రానైటుకంటె అది తొందరగా చివుకుతుంది, సున్నం, మెగ్నీషియం ఎక్కువగా ఇస్తుంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే జిగట మన్ను దానినుంచి వచ్చినదే. నంద్యాల వైపు రేగడి మాత్రం చాలామేరకు సున్నపురాయి, పలకరాళ్ల బిడ్డ. తల్లిరాయి మారితే బిడ్డ గుణం మారుతుంది. పక్క జిల్లా చుట్టం చెప్పిన ఎరువు మోతాదు మన చేలో పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఇక్కడే ఇంకొక మాట. బసాల్టు పొడిని పొలాల్లో చల్లితే, అది చివికేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు గాలిని కొంత పట్టి ఉంచుతుందని మన దేశంలోను, బయటి దేశాల్లోను ప్రయోగాలు జరుగుతున్నాయి. వినదగిన విషయమే. అంతమాత్రాన, క్రషర్ దగ్గర దొరికే గ్రానైటు దుమ్మును సంచికెత్తి ఇదే అదని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఏ రాయి, అందులో ఏమున్నది అన్న పరీక్ష కాగితం చూపమనండి.

ఇక నేల సంరక్షణవారి మాట. నేను తిరిగే గ్రామాల్లో రైతులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. “అయ్యా, ఈ రాళ్లన్నీ ఏరి అవతల పడేస్తే చేను బాగుపడుతుందా?” అని. కొన్ని ఏరాలి, కొన్ని ఉంచాలి అన్నదే దీనికి జవాబు. వాన చినుకు ఉత్త మన్ను మీద పడితే మన్ను చెదిరి, సన్నపు రేణువులు కన్నాల్లో పూడుకుని, ఎండగానే పైన పెచ్చు కడుతుంది. మొలక ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేదు. తర్వాతి వాన లోపలికి దిగదు. అదే చినుకు చిన్న రాయి మీద పడితే దాని దెబ్బ రాయికే తగులుతుంది. రాయి కింద మన్ను గుల్లగా ఉంటుంది, తేమ తొందరగా ఆరిపోదు. చైనా దేశపు గాన్సు రాష్ట్రంలో వాన బహు తక్కువ. అక్కడి రైతులు కొన్ని వందల ఏళ్లుగా పని గట్టుకుని గులకరాళ్లు మోసుకొచ్చి పొలం మీద పరిచి, ఆ సందుల్లో పుచ్చ, ఖర్బూజ పండిస్తున్నారు. మనం ఏరి పారేద్దామనుకుంటున్నదాన్ని వాళ్లు బండ్లకెత్తి తెచ్చుకున్నారు!

కాని ఒక తిరకాసు ఉన్నది. రాయి పైన వదులుగా ఉంటేనే ఈ మేలు. పెచ్చులో కూరుకుని బిగిసిపోయిన రాయి ఇంటికప్పు మీది పెంకులాగా పనిచేస్తుంది. నీరు దిగదు సరికదా, ఇంకా వేగంగా జారిపోతుంది. కాబట్టి వాన వెలిసి పదను రాగానే గుంటక తోలి పెచ్చును విరగ్గొట్టడం, రాయిని కదిలించడం అవసరం. నా సలహా ఇది. పిడికిటికి మించిన రాయి నాగలికి, గొర్రుకు, వేరుశనగ పీకేవారి చేతులకు అడ్డం కనుక ఏరండి. సన్న గరుసు జోలికి పోకండి.

ఏరిన రాయిని ఏమి చేయాలి? గట్టు మూలన కుప్ప పోస్తే పాములకు ఇల్లు కట్టినట్టే. ఆఫ్రికా ఖండంలో బుర్కినా ఫాసో అనే దేశంలో యాతెంగా అనే కరువు ప్రాంతం ఉన్నది. 1979 తర్వాత అక్కడి రైతులు, స్వచ్ఛంద సంస్థవారు కలిసి, వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో రాళ్ల వరుసలు పేర్చే పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. మట్టి కట్టలాగా ఇది నీటిని పూర్తిగా ఆపదు. నీరు రాళ్ల సందుల్లోంచి నెమ్మదిగా వడకట్టుకుని దిగువకు పోతుంది. మన్ను, ఆకూఅలమూ, పేడ ఎగువన నిలిచిపోతాయి. కట్ట తెగుతుందన్న భయం లేదు.

మట్టం చూడడానికి వారికి పెద్ద యంత్రాలు లేవు. మన మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టమే. పది పదిహేను మీటర్ల తెల్లని గొట్టం తీసుకుని, రెండు చివరలను సమానమైన ఎత్తున్న రెండు కర్రలకు కట్టండి. రెంటిమీద ఒకే కొలత గీతలు గీయండి. గొట్టంలో నీళ్లు నింపి, గాలి బుడగ లేకుండా చూడండి. ఒకరు ఒక కర్రను పట్టుకుని కదలకుండా నిలవాలి. రెండోవారు వాలుకు అడ్డంగా నడిచి, పైకీ కిందికీ జరుగుతూ, రెండు కర్రలమీద నీరు ఒకే గీత దగ్గర ఆగేచోట మేకు పాతాలి. అక్కడినుంచి మళ్లీ ముందుకు. మేకుల వెంట జానెడు లోతులోపు చిన్న కాలువ తీసి, పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి సందుల్లో పేర్చండి. కంటి అంచనాతో మాత్రం వేయవద్దు. ఒకచోట పల్లమైతే నీరంతా అక్కడే చేరి గండి కొడుతుంది.

వైద్యులు రాయిలో చూసేది వేరు. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాతి పొరల్లో ఎక్కువకాలం నిలిస్తే ఫ్లోరైడు అందులోకి దిగుతుంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. నల్లగొండ బాధ మీకు చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. పసిపిల్లల పళ్లమీద గార, తర్వాత ఎముకల వంకర — అన్నీ ఆ కనిపించని రాతి కరుగుడే. కొత్తగా లోతు బోరు వేసినవారు పొలానికి ఎట్లా పారించినా, ఇంట్లో తాగేముందు తప్పక పరీక్ష చేయించండి. నీరు తేటగా ఉన్నంతమాత్రాన నమ్మరాదు. కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు.

చివరగా, అక్షరాలు చెక్కిన రాయి. కడప జిల్లా కలమళ్లలోని శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదనీ, తెలుగులో దొరికిన శాసనాల్లో మొదటిదనీ పండితులు చెబుతారు. అదే జిల్లా పోరుమామిళ్లలో మన పనికి మరింత దగ్గరైన శాసనమున్నది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో చెరువు కట్టించి, దాని సంగతంతా సంస్కృతంలో రాతిమీద చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పాడు. మంచి చెరువుకు 12 అంగాలు కావాలన్నాడు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, రెండు కొండల నడుమ రాతి కట్ట మరీ పొడుగు కాకుండా దిట్టంగా ఉండాలి, తిన్నని పొడుగాటి రాళ్లు దొరికే గని దగ్గరలో ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి — ఇట్లా సాగుతుంది. ఆరు దోషాలు కూడా చెప్పాడు. కట్ట ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. నీటి కుంట తవ్వించబోయే రైతు ఈ ఆరింటిని ఈనాడు తన చేలో సరిచూసుకున్నా ఒక్కటీ దండగ కాదు. సరిహద్దు తగాదాతో సహా!

ఆ బండను ఎవరో పగలగొట్టి తూము మరమ్మతుకు వాడుకుని ఉంటే ఇదంతా మనకు దక్కేది కాదు. చెరువు కట్టల మీద, పాత గుడుల దగ్గర, చేల గట్ల మీద ఇంకా ఎన్నో శాసనాలు నిలిచి ఉన్నాయి. కొన్నిటికి పశువులను కట్టేస్తున్నారు, కొన్నిటి మీద బట్టలు ఉతుకుతున్నారు. దున్నేటప్పుడు ఒక పక్క నున్నగా అరగదీసిన నల్లరాతి గొడ్డలి కూడా బయటపడవచ్చు. ఇనుము రాకముందు ఈ నేలమీద బతికినవారి పనిముట్టది. అట్టివి కనిపిస్తే ఎక్కడ, ఎంత లోతున దొరికిందో గుర్తు పెట్టుకోండి. చోటు తెలియని రాయి పరిశోధకులకు సగం మూగదే. అక్షరాలున్న బండకు సున్నం, రంగు పూయవద్దు, మేకుతో గీకి శుభ్రం చేయవద్దు. పొద్దుటిపూట ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఫోనుతో బొమ్మ తీయండి. అప్పుడు గాడుల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఆ బొమ్మను మీ గ్రామ రెవెన్యూ అధికారి ద్వారానో, నేరుగానో పురావస్తు శాఖవారికి అందేట్టు చూడండి. బండను మాత్రం ఉన్నచోటనే ఉంచండి.