చిన్న తరగతులు - పెద్ద చదువు



"ఓనమాలు నేర్పుటకు రెండేండ్ల డిప్లొమా ఎందులకు? బి.ఎడ్. చాలదా?" అని మనలో పలువురు అడుగుచుందురు. ఒక ఉదాహరణము చెప్పెదను.

ఒక బాలుడు 52 నుండి 27 తీసివేసి 35 అని వ్రాసెననుకొనుడు. లెక్క వచ్చినవారెవరైనను తప్పని కొట్టివేయగలరు. కాని ఆ బాలుడు అజాగ్రత్తగా చేయలేదు. ప్రతి స్థానమునందును పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేసినాడు. ఆ ఊహను కనిపెట్టి, పది పుల్లల కట్టను వానియెదుట విప్పి చూపువారే ఉపాధ్యాయులు. శిశువికాస శాస్త్రము, గణితబోధన పద్ధతులు, బడిలో చేయు బోధనాభ్యాసము - డిప్లొమాలోని ఈ పాఠ్యాంశములన్నియు ఆ చూపును అలవరచుటకే.

ప్రాథమిక తరగతుల బోధనకు బి.ఎడ్. వారిని అర్హులుగా చేసిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018 ప్రకటన చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. ఉద్యోగాశతో నున్న యువజనులెందఱికో అది గట్టి దెబ్బయే, కాదనను. కాని దానివలన ఒక సత్యము స్థిరపడినది: పసివారికి చదువు చెప్పుట తక్కువ పని కాదు, వేఱు పని.

మన బిడ్డలలో ఎవరేని ఇంటర్మీడియట్ పిమ్మట ఈ మార్గమును కోరినచో, "ఇంతేనా?" అనకుడు, మనసార ఆశీర్వదింపుడు.