రొట్టె కోసం వచ్చినోళ్లెవరు? సంచి కోసం వచ్చినోళ్లెవరు?

(తెల్లాపూర్ దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చర్చికి పోయేవాళ్లున్నారు, పోచమ్మకు బోనం ఎత్తేవాళ్లున్నారు, అంబేద్కర్ చూపిన బుద్ధుని బాట పట్టినవాళ్లున్నారు. ఏ మతం గొప్పదో తేల్చడానికి నేను రాలేదు. నూరేండ్లకు పైగా మన వాడ మీద వేస్తున్న ఒక నింద గురించి మాట్లాడడానికి వచ్చిన. "మీరు దేవుని కోసం కిరస్తానమైనోళ్లు కాదు. బియ్యం కోసం, గోధుమల కోసం, పాలపొడి కోసం అయినోళ్లు" అంటరు. ఊర్ల దొర అన్నడు, ఆఫీసుల గుమస్తా అన్నడు. నాలుగు అక్షరాలు నేర్చిన మన పిల్లలు కూడా ఇప్పుడు అదే అంటున్నరు. ఈ నిందకు జవాబు చెప్పాలె. జవాబు చెప్పినంక అదే ప్రశ్నను చర్చి లోపలికి తీసుకపోయి అడగాలె. ఈ రెండు పనులూ చేస్తా.

ముందు ఒంగోలు సంగతి వినండి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చిండు. మొదట బ్రాహ్మలు, పై కులాలవాళ్లు తమ పిల్లల్ని ఆయన బడికి పంపిన్రు. అంతలో మాదిగలు సంఘంలో చేరడం మొదలైంది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పై కులాలు తెగేసి చెప్పినయి. క్లౌ మాదిగల్నే ఎంచుకున్నడు. పై కులాల పిల్లలు బడి విడిచిపోయిన్రు. ఆ మాదిగల్ని నడిపించింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. దొర వచ్చి పిలిచినంక కదిలిన మనిషి కాదు, తానే దేవుణ్ణి వెతుక్కుంట పోయినవాడు.

చేరినవాళ్లకు ఏం దొరికింది? చచ్చిన పశువుల మాంసం తినమన్నందుకు, ఆదివారం వెట్టికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఊరి పెద్దలు కక్షగట్టిన్రు. పని ఆపిన్రు. నీళ్లు ఆపిన్రు. లాభం కోసం పోయేవాడు ఇంత నష్టం నెత్తికెత్తుకుంటడా?

ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకున్నడు. వేరేచోట్ల మన వాళ్లను పనికి దగ్గర చేరనియ్యని రోజులవి. అక్కడ మన వాళ్లు కూలి చేసుకుని బతికిన్రు. బాప్తిస్మం ఇయ్యమని వేలమంది అడిగిన్రు. కూడు కోసం వచ్చిన్రని లోకం అంటదని క్లౌ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేసిండు. కరువు సాయం ముగిసింది, పంచడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు కూడా జనం తిరిగిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. బియ్యం అయిపోయినంక వచ్చినోళ్లను బియ్యం కోసం వచ్చిన్రని ఎట్లంటరు?

ఇగ మన దగ్గరికి వద్దాం. మొన్న 2016 దాకా మనది మెదక్ జిల్లానే. ఆ మెదక్ చర్చిని వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిండు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గంటల గోపురం 175 అడుగులు. కరువు కాలంలో కూలి ఇచ్చి, తిండి పెట్టి కట్టించిండని అందరూ చెప్పుకుంటరు. నిజమే. అయితే ఆ తిండి బిచ్చం ఎట్లయితది? రాళ్లు మోసిన భుజాలు మన తాతలవి, ముత్తవ్వలవి. గడీల వెట్టి చేస్తే గింజ రాలని కాలంలో పనికి కూలి దొరికింది. కూలి తీసుకున్నోడు అమ్ముడుపోయినట్టయితే, ఈ దేశంలో అమ్ముడుపోనోడు ఎవడు?

పికెట్ అనే మెథడిస్టు మిషనరీ దేశంలో పలుచోట్ల తిరిగి, మన తెలుగు ప్రాంతాలతో సహా, దాదాపు నాలుగు వేల మంది క్రైస్తవుల్ని "ఎందుకు చేరిన్రు" అని అడిగించిండు. 1933లో పుస్తకం వేసిండు. వందకు సుమారు 35 మంది దేవుని కోసం, ఆత్మ కోసం అన్నరు. సాయం కోసం, పని కోసం అన్నది వందకు 8 మందే. మిగిలినవాళ్లు కులం కదిలితే కదిలినవాళ్లు, క్రైస్తవ ఇంట్లో పుట్టినవాళ్లు. ఆయన తేల్చింది ఇంకొకటుంది. ఎందుకు వచ్చిన్రన్నదాని కంటే, వచ్చినంక సంఘం వాళ్లను ఎట్ల చూసుకుంది, ఏం నేర్పింది అన్నదే వాళ్ల విశ్వాసాన్ని నిలబెట్టిందట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఈ కాలంలో లాభం లెక్క కూడా చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువుకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చిన్రు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. ఎస్సీకి 15 శాతం రిజర్వేషన్ ఉంటే, క్రైస్తవుడైన దళితుడు బీసీ-సీలో 1 శాతానికి పడిపోతడు. అట్రాసిటీ చట్టం కూడా వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు పెట్టుకుని బతికేవాళ్లు అందుకే ఉన్నరు. విశ్వాసం ఒకటి, ఉద్యోగానికి చెప్పేది ఇంకొకటి అయితే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024లో సుప్రీంకోర్టు అన్నది. మతం మారితే అంటరానితనం పోతదా అని ఆ ఉత్తర్వును ఎవరు అడగాలె? రెండు పేర్లతో బతకమని మనిషిని నెట్టింది చట్టం, అబద్ధికుడన్న పేరు మాత్రం మనకు.

అది బయటోళ్లకు జవాబు. ఇప్పుడు లోపలి ప్రశ్న.

బైబిలు చదివేవాళ్లు మీలో ఉన్నరు, నాకంటే బాగా తెలుసు. ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచినప్పుడు ఐదు వేల మంది తిన్నరు. మీరు రొట్టెల కోసమే నన్ను వెతుకుతున్నరని యేసు తర్వాత వాళ్లతో అన్నడు. అయితే ముందు అన్నం పెట్టిండు, ఆ తర్వాతే ఆ మాటన్నడు. ఆకలైనోణ్ణి ఖాళీ కడుపుతో వెళ్లగొట్టలేదు. మరి ఎవర్ని తిట్టిన్రు? గుడిలో బల్లలేసి డబ్బు మార్చేవాళ్లను యేసు వెళ్లగొట్టిండు. దేవుని వరాన్ని పైసలిచ్చి కొనబోయిన సీమోనును పేతురు గద్దించిండు. డబ్బు సంచి పట్టుకుని తిరిగిన యూదా సంగతి అందరికీ తెలిసిందే. రొట్టె కోసం వచ్చినోడు ఆకలిగొన్న మనిషి. సంచి కోసం వచ్చినోడే స్వార్థపరుడు.

మన చుట్టూ చూడండి. తెల్లాపూర్‌లో విల్లాలు, అపార్ట్‌మెంట్లు లేచినయి. పక్కన రామచంద్రాపురం, పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు. మన పిల్లలు కంట్రాక్టు లేబర్‌గా పోతరు, మన ఆడోళ్లు విల్లాల్లో గిన్నెలు తోముతరు. ఆ కూలిలోంచి దశమభాగం తీసి కానుక పెట్టెల వేస్తరు. ఆ కానుక తీసుకునే పాస్టరు, మీ పీఎఫ్ కడుతున్నరా, ఈఎస్ఐ కార్డు ఇచ్చిన్రా అని ఎప్పుడన్నా అడిగిండా? కమిటీ ఎన్నికల్లో కుర్చీల కోసం కొట్లాడేవాళ్లు చర్చి భూమి లెక్క సంఘం ముందట పెట్టిన్రా? మాల చర్చి, మాదిగ చర్చి అని ఒకే బల్లను రెండు చేసినవాళ్లు ఏ దేవునికి మొక్కుతున్నరు? వచ్చినంక సంఘం ఎట్ల చూసుకుంది అన్నదే అసలు సంగతి అన్న కదా. ఆ పరీక్ష కూలోనికి కాదు, సంఘం పెద్దలకే.

నిజమైన విశ్వాసానికి గుర్తు చెప్తా. 1985లో కారంచేడు మాదిగలు నెత్తుటి గాయాలతో పారిపోయి వస్తే, చీరాలలో చర్చి ఆవరణ వాళ్లకు నీడైంది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ ఉద్యమం లేచింది. వాళ్లల్ల ఎవరి విశ్వాసం ఎంతని ఎవరూ తూకం వేయలేదు. గేటు తీసి ఉంది, మనుషులు లోపలికొచ్చిన్రు.

కాబట్టి మనం నాలుగు పనులు చేద్దాం. చర్చి ఆదాయం, భూమి లెక్కలు ఏడాదికోసారి సంఘమంతా కూర్చున్నప్పుడు చదివి వినిపించమని అడుగుదాం. కూలి రానోళ్ల, పీఎఫ్ కట్టనోళ్ల పేర్లు రాసి, లేబర్ ఆఫీసుకు మనతో పాటు నడవమని పాస్టర్లను పిలుద్దాం. మాల, మాదిగ ఒక్క బల్ల దగ్గర కూర్చోవాలని పట్టుబడదాం. దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా కోసం బోనమెత్తేవాళ్లు, బౌద్ధులు కూడా సంతకం పెడదాం. వాళ్లకు హక్కు వస్తే కోటా కూడా పెరగాలని కలిసే అడుగుదాం, లేకుంటే ఉన్న ముద్ద కోసం మనల్ని మనమే కొట్టుకుంటం.

ఇగ మీద ఎవడన్నా "బియ్యం కోసం మారిన్రు" అంటే తల దించకండి. మా తాత ఆకలితో వచ్చిండు, అది సిగ్గు కాదు, ఆకలి పెట్టినోడు సిగ్గుపడాలె అని చెప్పండి. అట్లనే మీ చర్చిలో సంచి ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి.

జై భీమ్!