విదేశీ కారు: ఓడ ఎక్కించక ముందు చూసుకోవలసిన సంగతులు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. తెలుగులో ప్రసంగమంటే నోరు కాస్త తడబడుతుంది. అందుకని కాగితం మీద రాసుకొచ్చాము. విద్య గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. విద్య గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారి కారు గురించి చెప్తామంటే ఆయన నవ్వి, సరే కానివ్వండి అన్నారు. ఇది నవ్వులాట విషయం కాదని మాట అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మన కడప, రాయచోటి ప్రాంతాల్లో కువైటుకు మనిషిని పంపని వీధి లేదు. పోయినవారిలో చాలామంది అక్కడ ఇళ్లలో డ్రైవర్లు. పదేళ్లు, పదిహేనేళ్లు ఇంకొకరి పెద్ద పెద్ద కార్లు నడిపినవాడికి అలాంటిదొకటి మన వాకిట్లో నిలబెట్టుకోవాలని ఆశ పుట్టడంలో తప్పేమున్నది? ఆశ తప్పు కాదు. ఆ ఆశకు చెల్లెలి పెళ్లికి దాచిన దుడ్లు బలి కాకూడదన్నదే మా బాధ.

మా పాత శిష్యుడొకడు సెలవులో వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఒకే కఫీలు దగ్గర పనిచేస్తున్నాడు, నమ్మకస్తుడు. పని మానుకుని ఊరికి వచ్చేస్తానంటే ఆ కఫీలు, "ఇన్నాళ్లు నడిపావు, ఈ కారు నీకే ఇస్తాను, తీసుకుపో" అన్నాడట. ఆరేళ్ల నాటి లాండ్ క్రూజరు. వీడి సంతోషానికి హద్దు లేదు. "సార్, కారు ఉచితం. ఓడ బాడుగ ఒక్కటే ఖర్చు. ముంబయిలో ఏజెంటు ఉన్నాడు, రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు, పంపనా?" అన్నాడు. మేము పంపవద్దన్నాము. ఎందుకన్నామో అతనికి చెప్పినట్టే మీకూ చెప్తాము.

మొదటి సంగతి, కువైటులో స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. సౌదీ, దుబాయి, ఖతర్, ఒమాన్, బహ్రెయిన్ అంతటా అంతే. మన దేశంలోకి వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగు కుడి పక్కన ఉండి తీరాలి. దీనికి మినహాయింపు ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి. రెండవది, కారు తయారైన నాటి నుండి మూడేళ్లు దాటకూడదు. రిజిస్ట్రేషన్ అయిన నాటి నుండి కాదు, తయారైన నాటి నుండి. షోరూములో ఏడాది నిలబడిన కారుకు ఆ ఏడాది కూడా వయసే. ఓడ ప్రయాణమూ, రేవులో ఆలస్యమూ ఆ మూడేళ్లలోంచే పోతాయి. మా శిష్యుడి కారు ఎడమ స్టీరింగుది, ఆరేళ్లది. రెండు విధాలా కుదరదు.

ఈ స్టీరింగు నిబంధన వట్టి సర్కారు మొండితనమని కొందరు అంటారు. అలా అనేవారు ఒక్కసారి గువ్వలచెరువు ఘాటులో లారీ వెనక పడి చూడాలి. (ఘాటు దిగాక పాలకోవా తినడానికి ఆగేవాళ్లే అందరూ, మలుపుల సంగతి మళ్లీ ఎవరికీ గుర్తుండదు.) ఎడమ పక్క కూర్చున్న డ్రైవరుకు ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమి వస్తున్నదో కనబడదు. కనబడాలంటే సగం కారును అవతలి దారిలోకి తోయాలి. హెడ్‌లైట్ల సంగతి ఇంకొకటి. కారు లైటు రెండు పక్కలా సమానంగా పడదు. రోడ్డు అంచు వైపు కాస్త ఎత్తుగా, దూరంగా పడేట్టు అద్దం చేస్తారు, నడిచేవాళ్లు కనబడాలని. కువైటులో కుడి పక్కన నడుస్తారు కాబట్టి అంచు కుడి వైపు. అదే లైటు ఇక్కడికి తెస్తే ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. అందుకే హెడ్‌లైట్లు ఎడమ పక్క నడిచే దేశానికి తగినట్టు ఉండాలని నిబంధనలోనే రాశారు. స్టీరింగు మార్పించుకోవచ్చు గదా అంటారు. స్టీరింగు ఒక్కటే కాదు, పెడళ్లు, డాష్‌బోర్డు, వైరింగు, ఎయిర్‌బ్యాగు అన్నీ మారాలి. షెడ్డులో వెల్డింగు పెట్టి మార్చిన స్టీరింగును నమ్మి పిల్లలను ఎక్కించుకోగలమా?

ఇంకా ఉన్నాయి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి. ఇంగ్లండులో కుడి స్టీరింగే అయినా వాళ్ల మీటరు మైళ్లలో ఉంటుంది, అక్కడ ఉన్న మనవాళ్లు దీన్ని గమనించుకోవాలి. ఆ కారు ఇంకా అయిదేళ్లు రోడ్డు మీద తిరగగలిగినదై ఉండాలి, ఇక్కడ సర్వీసు దొరకాలి. ఓడ ఎక్కే ముందు అక్కడ పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తేవాలి. దిగిన తరువాత, కస్టమ్స్ వాళ్లు వదలకముందు, పూణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థలో మళ్లీ పరీక్ష. వాడిన కారు ముంబయి రేవు ద్వారా మాత్రమే రావాలి. మద్రాసులో దింపిస్తాను, దగ్గర గదా అని ఎవరైనా అంటే ఆ ఒక్క మాటతోనే అతనికి పని తెలియదని గ్రహించవచ్చు. పాత కార్లను ఈ షరతుల మీద రానివ్వడం 2001 ఏప్రిల్‌లో దిగుమతుల ఆంక్షలు ఎత్తివేసినప్పటి నుండి జరుగుతున్నది. అంతకుముందు విదేశీ కారంటే ఎంబసీ వాళ్లు వాడి వదిలినది స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను ద్వారా కొనుక్కోవడమో, విదేశాల నుండి కాపురం ఎత్తేసి వచ్చేవాళ్లు తెచ్చుకోవడమో, అంతే. మన పెద్దలలో కొందరికి ఆ రోజులు గుర్తున్నాయి కాబట్టే, అప్పట్లో ఫలానా వారు తెచ్చారు, ఇప్పుడు ఎందుకు రాదు అని వాదిస్తారు. కాలం మారింది, కాగితం మారింది.

ఇక లెక్క. బోర్డు లేకపోయినా నోటితో చెప్తాము, మీరు వేళ్లతో లెక్కపెట్టుకోండి.

మా శిష్యుడు ఉచితం అన్నాడు చూడండి, చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. మీరు ఎంతకు కొన్నారని కస్టమ్స్ వాళ్లు పట్టించుకోరు. చవకగా కొన్నామన్నా, బహుమతిగా వచ్చిందన్నా వినరు. ఆ కారు తయారైన ఏట కొత్తగా దాని ధర ఎంతో చూస్తారు. దాంట్లోంచి మూడు నెలలకొక వాయిదా చొప్పున తరుగు తీస్తారు. మొదటి ఏడాది వాయిదాకు నాలుగు శాతం, రెండవ ఏడాది మూడు, మూడవ ఏడాది రెండున్నర. మూడేళ్లకు కలిపితే 16, 12, 10, మొత్తం 38 శాతం. అంటే కొత్తగా 30 లక్షలున్న కారు సరిగ్గా మూడేళ్లు నిండినా వాళ్ల పుస్తకంలో 18 లక్షల 60 వేలు. దానికి ఓడ బాడుగ, ఇన్సూరెన్సు కలుపుతారు. ఆ మొత్తం మీద కస్టమ్స్ సుంకం నూరు శాతం దాటే ఉంటుంది. ఆ సుంకం కూడా కలుపుకుని దాని మీద జి.ఎస్.టి. రేట్లు బడ్జెట్టుతో మారుతుంటాయి, తెప్పించేనాటి రేటు చూసుకోవలసిందే. ఎట్లా చూసినా ఈ ఉచితం కారుకు పన్నే పాతిక లక్షలు దాటుతుంది. ఆ పైన ఇక్కడ లైఫ్ టాక్సు. ఆ దుడ్లతో ఇక్కడ మంచి కొత్త కారు కొని, మిగిలినదానితో మిద్దె మీద ఇంకొక గది వేసుకోవచ్చు.

మా శిష్యుడు ఈ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మరి కఫీలు ఇస్తానన్నది వద్దనాలా సార్?" అన్నాడు. వద్దనడం ఎందుకు? అక్కడి చట్టం ఒప్పుకున్నట్టు పేరు మార్పించుకుని అక్కడే అమ్ముకో, లేదా ఆయననే అమ్మి డబ్బు ఇవ్వమను, బ్యాంకు ద్వారా ఇంటికి పంపు అన్నాము. ఇంట్లో వాళ్ల నాన్నకు కారు వస్తున్నదని అప్పటికే నలుగురితో చెప్పుకోవడం అయిపోయింది. ఆ ముసలాయన ముఖం చూడడమే మాకు కష్టమైంది.

కొన్నాళ్లు తిప్పుకుని వెనక్కి పంపే దారి ఒకటి ఉన్నది. కార్నే అనే కాగితం మీద కారు తెచ్చి పన్ను కట్టకుండా ఆరు నెలలు తిప్పుకోవచ్చు. గల్ఫు నంబరు ప్లేట్లతో కేరళలో కనబడే కార్లలో చాలావరకు అలా వచ్చినవే. గడువు లోపల కారు మళ్లీ ఓడ ఎక్కాలి. అమ్మకూడదు. ఎక్కకపోతే సుంకమూ, జరిమానా రెండూ పడతాయి. సెలవులకు వచ్చే షావుకార్లకు అది సరిపోతుందేమో గాని నెల జీతగాడికి దానివల్ల ఒరిగేది లేదు.

ఇప్పుడు రెండవ రకం ఆపద. విదేశం పోనవసరం లేకుండానే హైదరాబాదులోనో బెంగుళూరులోనో "ఇంపోర్టెడ్ కారు, సగం ధరకే" అని అమ్మేవాళ్లు. దీని గురించి వట్టి మాటలు కాకుండా జరిగినవి చెప్తాము. 2025 మే నెలలో హైదరాబాదు కార్ల వ్యాపారి ఒకరిని డి.ఆర్.ఐ. వారు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తిప్పి, స్టీరింగు మార్పించి, ధర బాగా తగ్గించి చూపిన దొంగ కాగితాలతో దింపారని వాళ్ల ఆరోపణ. అదే సంవత్సరం సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు ఆపరేషన్ నుంఖోర్ పేరుతో దాడులు చేశారు. నుంఖోర్ అంటే భూటాన్ భాషలో బండి. భూటాన్ మీదుగా దొంగతనంగా వచ్చాయన్న కార్లను మొదటి రోజే ముప్ఫైకి పైగా పట్టుకున్నారు. అమ్మినవాడి సంగతి కోర్టులు చూసుకుంటాయి. దుడ్లు ఇచ్చి కొన్నవాడు మాత్రం మరునాటి నుండి కారు లేకుండా ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కాబట్టి విదేశీ కారు ఎవరైనా అమ్మజూపితే మొట్టమొదట అడగవలసినది బిల్ ఆఫ్ ఎంట్రీ. రేవులో కస్టమ్స్ వాళ్ల దగ్గర దాఖలు చేసే కాగితం అది. దాని నంబరు, తేదీ, రేవు పేరు తీసుకుని కస్టమ్స్ వారి ఐస్‌గేట్‌లో సరిచూసుకోవచ్చు. కాలేజీ చదివే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు, ఒక పూట ఆ పని చేయించండి. సుంకం కట్టిన చలానా చూడండి. రిజిస్ట్రేషన్ మొదట ఏ రాష్ట్రంలో జరిగిందో చూడండి. మారుమూల రాష్ట్రంలో మొదలై రెండు మూడు చేతులు మారి మన దగ్గరకు వస్తే ఎందుకని అడగండి. "కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న కారు, లోపలి మనిషి ద్వారా ఇప్పిస్తాను" అని ఫోను వస్తే మాట పొడిగించకండి. పట్టుకున్న సరుకును బహిరంగంగా ఎలక్ట్రానిక్ వేలంలో అమ్ముతారు, దాని ధరావతు ఎవరి సొంత ఖాతాలోనూ వేయరు.

తరువాత చాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అందులో వాడరు. అవి కనబడితే అక్కడే అనుమానించాలి. మొదటి అక్షరం జె అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ, ఒకటి, నాలుగు, అయిదు అంకెలైతే అమెరికా. కాగితం మీదా, చాసిస్ మీదా, ముందు అద్దం కిందా, తలుపు పక్కనా ఒకే నంబరు ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా బేరం మానుకోండి. మన బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసేదీ అదే. దిగుమతి కారు రిజిస్ట్రేషనుకు కస్టమ్స్ క్లియరెన్సు సర్టిఫికెట్టు లేకపోతే దరఖాస్తే పూర్తి కాదు.

గల్ఫులో ఉంటూ అక్కడ తిరగడానికి పాత కారు కొనే పిల్లలకు కూడా ఒక మాట. అక్కడి బజారుకు అమెరికా నుండి దెబ్బతిన్న కార్లు, వరద నీట మునిగినవి వస్తాయి, రంగు వేసి నిలబెడతారు. 2024 ఏప్రిల్‌లో దుబాయి, షార్జాలే మునిగిపోయాయి. 1949 నుండి లెక్కలు ఉన్నాయట, అంతటి వాన ఎన్నడూ లేదు. నీట మునిగిన కారు చూడడానికి బాగానే ఉంటుంది. సీటు కింద తివాచీ ఎత్తి చూడండి, సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. బురద గీత, తుప్పు అక్కడ దాచలేరు.

ఇన్ని చెప్పినా, సింగపూరులోనో, ఇంగ్లండులోనో, జపాన్‌లోనో ఉండి, కారు మూడేళ్ల లోపుది అయి, ఖర్చుకు సిద్ధపడినవాళ్లు తెప్పించుకుంటారు. వారికి కొన్ని జాగ్రత్తలు. కారు పూర్తి ధర కట్టకముందే క్లియరింగ్ ఏజెంటుతో ముంబయి ఖర్చులు కాగితం మీద రాయించుకోండి. లైసెన్సు ఉన్నవాడేనా అని అడగండి. అడ్వాన్సు సంస్థ ఖాతాకు మాత్రమే, రశీదు మీద మాత్రమే. సముద్రపు ఇన్సూరెన్సు తప్పనిసరి. ఓడ ఎక్కేముందు నలువైపులా ఫోటోలు తీయించండి. పెట్రోలు అడుగంటా ఉంచి, కారులో బట్టలు, టీవీలు, దుప్పట్లు నింపకండి. ఆ మూటల వల్ల కారు మొత్తం తనిఖీలో ఆగిపోతుంది. రేవులో దిగిన తరువాత ముప్ఫై రోజుల్లో విడిపించుకోకపోతే అమ్మేసే అధికారం కస్టమ్స్ వారికి చట్టంలోనే ఉన్నది. ఆ లోపల కూడా కొద్ది రోజుల తరువాత దినానికింత అని డెమరేజి ఎక్కుతుంది. అందుకని డబ్బంతా చేతిలో ఉంచుకునే కారు ఓడ ఎక్కించాలి. కారు వచ్చాక అప్పు చూసుకుందామంటే రేవు ఆగదు.

ఇంట్లో ఎవరికైనా ఇటువంటి బేరం నడుస్తుంటే సంతకం పెట్టక ముందు కాగితాలు తీసుకుని రండి. శుక్రవారాలు అసర్ నుండి మగ్రిబ్ దాకా మేము సొసైటీ ఆఫీసులోనే ఉంటాము. చదివి పెడతాము, దానికి ఫీజు లేదు.