బల్ల మీద పేరు, ఇంట్లోకి నాలుగు రూపాయలు



కుట్టుమిషను, అప్పడాలు, పచ్చళ్ళు, చిన్నపిల్లలకు ట్యూషను - ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం అనగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. ఈ రోజు నేను చెప్పబోయేది వీటిలో చేరదు. వీధుల్లో జనం కూర్చునే బల్లలుంటాయి చూడండి, వాటి మీద ఊళ్ళోని దుకాణాల పేర్లు రాయించి, ఆ చోటుకి నెలకింత అని అద్దె తీసుకోవడం. ఈ మాట చెప్పగానే మావారు నవ్వి, "కూర్చున్నవాళ్ళ దగ్గర కూడా వసూలు చేస్తావా ఏమిటి?" అన్నారు. లేదండీ. కూర్చోవడం ఊరికే, పేరు రాసుకోవడానికే డబ్బు.

నిజానికిది మరీ కొత్త సంగతేమీ కాదు. మన బస్టాండుల్లో, గుళ్ళలో, బడి ఆవరణల్లో రాతి బల్లలుంటాయి. వీపు ఆనించుకునే పలక మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం వారి కుమారులు" అని ఉంటుంది. ఆ పక్క బల్ల మీదే ఏ బట్టల కొట్టు పేరో, ఎరువుల దుకాణం పేరో కనబడుతుంది. మొదటిది దానం, రెండోది వ్యాపారం. కాళ్ళు నొప్పులు పుట్టి కూలబడిన ముసలమ్మకి మాత్రం రెండూ ఒకటే.

మా వికారాబాద్, తాండూరు వైపు ఈ పనికి ఒక సదుపాయం ఉంది. తాండూరు అంటేనే బండ. నీలం, పసుపు రంగుల్లో పొరలు పొరలుగా లేచే నాపరాయి అది. మీలో చాలామంది వంటింట్లో కాలికింద ఉన్నది అదే కావచ్చు. తాండూరులో ఉంటున్న మా ఆడపడుచు ఒకనాడు ఫోను చేసి, "వదినా, అంచు విరిగిన బండలు అగ్గువకు ఇస్తున్నరు, బల్లలు చేయిద్దామా?" అంది. 1874లో సికింద్రాబాదు - వాడి రైలు మార్గం పడినప్పటి నుంచీ మా రెండూళ్ళూ ఒకే లైను మీద ఉన్నాయి గనక రాకపోకలకి ఇబ్బంది లేదు. సరేనన్నాను.

ఇక మా తప్పు చెబుతాను. రెండు బల్లలు చేయించి, నలుగురు దుకాణదారుల దగ్గర తలా 500 రూపాయలు అడ్వాన్సు పుచ్చుకొని, ఒక రోడ్డు పక్కన వేపచెట్టు కింద వేయించాం. ఎవరినీ అడగలేదు. జనం కూర్చోవడానికి బల్ల వేస్తే కాదనేదెవరు అనుకున్నాం. పన్నెండో రోజున ఆఫీసు మనుషులు వచ్చి రెండు బల్లల్నీ ట్రాక్టరులో వేసుకుపోయారు. వాళ్ళని అనడానికి లేదు. పేర్లు రాశాం గనక అది ప్రకటనే, ప్రకటనకి అనుమతి లేదు, అంతే.

పోతే, 2,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి. అందులో 1,400 అప్పటికే మేస్త్రీకీ, బోర్డులు రాసే పెయింటరుకీ వెళ్ళిపోయాయి. ఇంటి ఖర్చుల డబ్బాలోంచి తీసి సర్దాను. ఆ నెల పాలవాడికి వారం గడువు చెప్పవలసి వచ్చింది. డబ్బన్నా ఎలాగో సర్దుకుంది గాని, మందుల కొట్టాయన ముందు నిలబడి ఆ 500 చేతిలో పెట్టినప్పుడు తల ఎత్తలేకపోయాను. అప్పటిదాకా మా అత్తగారి మందులు ఆ కొట్లో ఖాతా మీద తెచ్చుకునేదాన్ని. ఆ తరవాత ఆర్నెల్లు నగదు ఇచ్చే తెచ్చుకున్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు. నాకే నోరు రాలేదు.

అంచేత మొట్టమొదట సంపాదించుకోవలసింది బల్ల కాదు, కాగితం. ముందు ఆ చోటు ఎవరిదో కనుక్కోండి. బస్టాండు లోపలైతే ఆర్టీసీది. అక్కడ ప్రకటనల హక్కు టెండర్ల మీద ఇస్తారు, అది పెద్ద ఏజెన్సీల వ్యవహారం. రైల్వే ప్లాట్‌ఫారం దక్షిణ మధ్య రైల్వే వారిది. ఊళ్ళో వీధులూ, పార్కులూ మునిసిపాలిటీవి. పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి కావచ్చు. వికారాబాద్, తాండూరు రెండూ మునిసిపాలిటీలే. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం రెంటికీ వర్తిస్తుంది. కమిషనరు గారి పేర దరఖాస్తు రాసి, చోటు, కొలతలు, బల్ల బొమ్మ జతచేసి, జవాబు రాతలో తీసుకోండి. నోటిమాట అనుమతి ఆ ఉద్యోగి బదిలీ అయితే ఆయనతోనే పోతుంది. పూర్వం ప్రకటనల పన్ను అని ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్ను పోయింది గాని అనుమతి తీసుకునే పని పోలేదు. ఫీజు ఎంతో అక్కడే అడిగి రాసుకోండి. ప్రైవేటు బడిలోనో, ఆసుపత్రి ఆవరణలోనో వేసినా, పేరు రోడ్డు మీదికి కనబడేటట్లయితే యజమాని ఉత్తరంతోపాటు మునిసిపాలిటీ అనుమతీ ఉండాల్సిందే. అనంతగిరి గుట్ట మీదికి ఆదివారాలు జనం బాగా వస్తారు కదా, అక్కడ వేద్దామా అని మా ఆడపడుచు అడిగింది. అది అడవి, దాని జోలికి పోవద్దన్నాను.

రెండోసారి కాగితాలు చేతికొచ్చాకే దుకాణాలు తిరిగాం. ఆడవాళ్ళకి ఈ పనిలో ఒక లాభం ఉంది చూడండి. ఏ కొట్టు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, ఏ యజమాని మధ్యాహ్నం కునుకు తీస్తాడో మనకి తెలుసు. పదేళ్ళుగా సరుకులు కొంటున్నాం గనక లోపలికి రమ్మని కుర్చీ వేస్తారు. తాండూరులో ఒక బట్టల కొట్టాయన మాత్రం మంచి ప్రశ్న వేశాడు. "అక్కా, బల్ల మీద మనిషి కూసుంటే నా పేరు ఆయన యీపుకు కనబడుతది గని ఊరికి కనబడుతదా?" అన్నాడు. మేం ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. నిజమే మరి. బల్ల ఎంత బాగా నడిస్తే పేరు అంత మూతపడుతుంది. అప్పటినుంచి వీపు పలక వెనకవైపు రోడ్డుకి కనబడేటట్లు వేయిస్తున్నాం. ఆ వెనకవైపుకి అద్దె ఎక్కువ, ముందువైపుకి తక్కువ. అక్షరాలు బండ మీద చెక్కించవద్దు. చెక్కితే దానం అవుతుంది, మార్చడానికి వీలుండదు. రేకు పలక మీద ఎనామిల్ రంగుతో రాయించి మరలతో బిగించండి. ఫ్లెక్సీ చవకే గాని ఎండకి వెలిసి చిరిగిపోతుంది. తాండూరు కర్ణాటక సరిహద్దు పక్కనే గనక అక్కడి పలకల మీద తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ కూడా రాయించమంటారు.

బల్ల సంగతీ చెప్పాలి. నాపరాయి నీడలో చల్లన, ఏప్రిల్ ఎండలో పెనం. చెట్టు నీడ లేనిచోట వేస్తే కుక్క కూడా కూర్చోదు. నాలుగడుగుల బండ అయితే మధ్యలో మూడో కాలు కట్టించండి. నడిచే దారికి అడ్డం రాకూడదు. ఫ్రాన్సులో జాన్ క్లోద్ దెకో అనే ఆయన 1964లో లియోన్ నగరంలో బస్సు కోసం నిలబడేవాళ్ళకి నీడ షెడ్లు కట్టించాడు. నగరపాలక సంస్థ ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు, శుభ్రం చేసే బాధ్యత కూడా ఆయనదే. ఖర్చంతా ప్రకటనల మీద వచ్చేది. ఆ శుభ్రం అన్న మాట నాకు నచ్చింది. పాన్ ఉమ్మి ఉన్న బల్ల మీద మిఠాయి కొట్టు పేరుంటే ఆ మిఠాయి ఎవరు కొంటారు? మేం వారానికి రెండుసార్లు కడిగిస్తాం.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే, ధరలు మీ ఊళ్ళో అడిగి వేసుకోండి. రవాణాతో కలిపి బల్లకి 4,000, రాతకి 600. మూడు బల్లలకి 13,800. రెండేసి వైపులు, సగటున వైపుకి నెలకి 300 చొప్పున ఆరూ నిండితే 1,800. ఆరూ ఎన్నడూ నిండవు. నాలుగు అనుకోండి, 1,200. కడిగినందుకు, రంగుకి, ఫీజుకి 350 తీసేస్తే చేతికి 850. అంటే పెట్టుబడి తిరిగి రావడానికే పదహారు, పదిహేడు నెలలు. మూడు వైపులే నిండితే రెండేళ్ళు దాటుతుంది. అంచేత నగలు తాకట్టు పెట్టి దిగే పని కాదిది. ఒక్క బల్లతో మొదలుపెట్టండి. సేవలకి ఏటా 20 లక్షలు దాటితేనే గాని జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేదంటారు. మన బల్లలు అంత దూరం నడవవు లెండి.

అన్ని ప్రకటనలూ పుచ్చుకోకూడదు. బీడీ, సిగరెట్టు, గుట్కా ప్రకటనలు 2003 చట్టం కింద నిషిద్ధం. సంతానం కలిగిస్తాం, మధుమేహం నయం చేస్తాం అనే మందులవాళ్ళు అడిగినంత ఇస్తామంటారు. వాటికి 1954 నుంచే చట్టం ఉంది. చిట్టీల కంపెనీ అయితే రిజిస్ట్రేషను పత్రం చూపించమనండి. నాయకుల పేర్లు నేను వద్దంటాను. ఎన్నికల కోడ్ రాగానే పేర్లు మూసేస్తారు, ఆ నెల అద్దె అడగడానికి మొహం చెల్లదు.

రాబడి ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. జూన్‌లో పుస్తకాల కొట్లు, ట్యూషన్లవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో బట్టలు, బంగారం. కంది కోతలయ్యాక తాండూరు పప్పు మిల్లులవాళ్ళు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, ఆ మాట పలక మీద తప్పకుండా రాయించమంటారు.

మాకిప్పుడు మూడు బల్లలున్నాయి. పిల్లల కోసం తల్లులు ఎదురుచూసే ఒక బడి గేటు దగ్గర రెండు, ఒక దవాఖానా ఆవరణలో ఒకటి. ఆ దవాఖానా బల్ల వెనక పలక ఖాళీ అయిందని తెలిసి, పోయిన నెల మందుల కొట్టాయన తనే కబురు చేశాడు. వెళ్ళాను. ముందు కాగితం చూపించమన్నాడు. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని తేదీతో సహా మొత్తం చదివి, అప్పుడు గల్లాపెట్టె తెరిచాడు.